అక్క రాసిన కార్డులు

జూన్ 9

అక్కా,

"రాయునది ఏమనగా" అని మొదలుపెడితే నువ్వు ఎర్రసిరా పెన్ను వెతుక్కుంటావు కాబట్టి తిన్నగా విషయానికి వస్తున్నాను. బాగానే ఉన్నాను. నన్ను లాండ్రీలో వేశారు. రోజుకు నాలుగు వందల దుప్పట్లు మడత పెట్టాలి. ఎదుటివాడు రెండు కొసలు, నేను రెండు కొసలు పట్టుకుని దగ్గరికి వస్తాం, దూరం జరుగుతాం. చూసేవాళ్ళకు డాన్సు చేస్తున్నట్టుంటుందట. సాయంత్రానికి భుజాలు మాత్రం మా మాట వినవు.

ఇక్కడికి వచ్చే ఉత్తరమైనా, పోయే ఉత్తరమైనా ఒక ఆఫీసరు చదివి, తేదీతో ముద్ర వేశాకే కదులుతుంది. కాబట్టి నా చిన్నప్పటి ఘనకార్యాలేవీ రాయకు, ఆయన ముందు పరువు పోతుంది.

అసలు సంగతి ఇది. తీర్పు కాపీ ఇచ్చారు. పదకొండు పేజీలు, అంతా ఇంగ్లీషు. నాలుగేళ్ళు వేశారని తెలుసు. ఎందుకు వేశారో ఆ పదకొండు పేజీల్లో ఎక్కడో ఉంటుంది. నాకేమో అక్షరాలు వచ్చు, వర్క్‌షాపు మాటలు వచ్చు, అంతకుమించి సున్నా. బావ పెట్టిన లాయరు అరచేతిలో వైకుంఠం చూపించాడు కదా. నేరం ఒప్పుకుంటే జైలు గుమ్మం తొక్కక్కర్లేదు, శిక్ష కాగితం మీదే ఉండిపోతుంది అన్నాడు. ఒప్పుకున్నాను. మరి ఈ దుప్పట్లేమిటి?

నీకు తెలిసిందే అయినా మళ్ళీ రాస్తున్నాను, ఇక్కడ నా బుర్రలో రోజూ తిరిగేది ఇదే. గోడౌను లిఫ్టు తాడులో పదమూడు తీగలు తెగాయని నేను చూశాను. తాడు మార్చేదాకా లిఫ్టు ఆపాలని మీ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర చెప్పాను. ఎప్పటిలాగే నేను చెబుతుంటే నువ్వు ఇంగ్లీషులో రాశావు, నేను చెయ్యి కడుక్కుని వచ్చి తడిచేత్తోనే సంతకం పెట్టాను, మా కంపెనీలో నాకు పైఅధికారి కాబట్టి బావే ఆఫీసుకు పట్టుకెళ్ళాడు. అక్కడ ఆ రిపోర్టు పోయింది. తొమ్మిదో రోజున తాడు తెగి, మూటలు దించే ఆవిడ చనిపోయింది. ఒకసారి నేను లిఫ్టు గుంటలో పనిచేస్తుంటే ఆమే నాకు మంచినీళ్ళు అందించింది.

ఆ రిపోర్టు దొరికి ఉంటే నా బతుకు ఇలా ఉండేది కాదు. అయినా జడ్జి నా గురించి ఏమనుకున్నాడో తెలుసుకోవాలి. నా పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడు, బ్యాంకు గుమాస్తా. ఎందుకొచ్చాడో నువ్వే ఊహించుకో. చదివి చెబుతానన్నాడు. పరాయివాడి నోటి నుంచి వినడం కంటే నువ్వు నేర్పితే నేనే చదువుకుంటాను. శిక్షల గురించిన ఇంగ్లీషు వరకు చాలు.

నీ మొద్దు శిష్యుడు,
తమ్ముడు

జూన్ 17

తమ్ముడూ,

నీ ఉత్తరంలో ఏడు తప్పులున్నాయి. ఈసారికి దిద్దలేదు, ఎందుకంటే చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి.

ముందు ఒక మాట. ఆ గుమాస్తాకి తీర్పు కాపీ చూపించకు. మన కాగితం పరాయివాళ్ళ చేతిలో పెడితే రేపు నలుగురూ నీ మీద జోకులేసుకుంటారు. నేను నేర్పుతాను, తొందరపడకు. ఎలాగూ నేరం ఒప్పుకున్నవాళ్ళకి అప్పీలు ఉండదని లాయరు చెప్పాడు. కాబట్టి దీన్ని పరీక్ష చదువులా కాకుండా కాలక్షేపంలా చదువుకో.

ఇంగ్లీషు మాటలు ఒంటరిగా తిరగవు, జతగా తిరుగుతాయి. మా సాయంత్రం క్లాసులో నేను పిల్లలకి మాటలు నేర్పను, జతలు నేర్పుతాను. కార్డుకి ఒక జత, ముందు ఇంగ్లీషు, వెనక తెలుగు. ఇన్‌స్టిట్యూట్‌లో అచ్చు కార్డులున్నాయి గానీ అవన్నీ ప్రయాణాలూ ఉద్యోగాలూ. జైలు మాటలు ఎవరు అచ్చేస్తారు? అందుకని చేత్తో రాశాను. ఐదు పంపుతున్నాను.

పాస్ ఎ సెంటెన్స్: జడ్జి శిక్ష విధించడం. సర్వ్ ఎ సెంటెన్స్: ఆ శిక్ష అనుభవించడం. ప్లీడ్ గిల్టీ: నేరం ఒప్పుకోవడం. మాక్సిమమ్ సెంటెన్స్: చట్టం వేయగలిగినంత పెద్ద శిక్ష. సస్పెండెడ్ సెంటెన్స్: శిక్ష వేసి, అమలు చేయకుండా ఆపి ఉంచడం. చివరిది లాయరు నీకు ఆశ పెట్టినది. ఒక్కొక్కటీ ఇరవైసార్లు చూడు. చూడకుండా పైకి అనుకో.

బావ ఆఫీసులో బీరువాలన్నీ తిరగేస్తూనే ఉన్నారు. నీ మేనకోడలు మామయ్య ఏ ఊళ్ళో లిఫ్టు బిగిస్తున్నాడని అడుగుతోంది. ఇంకా అయిపోలేదని చెప్పాను.

వేళకు తిను. గోళ్ళు కొరక్కు.

అక్క

జూలై 2

పంతులమ్మకు నమస్కారం,

ఐదు కార్డులూ నోటికి వచ్చేశాయి. దుప్పటి మడత పెడుతూ "పాస్ ఎ సెంటెన్స్" అంటే ఎదుటివాడు "సర్వ్ ఎ సెంటెన్స్" అంటాడు. వాడికీ నేర్పేశాను, ఫీజు తర్వాత తేల్చుకో. సర్వ్ అంటే హోటల్లో వడ్డించడం కదా అని నేనంటే, గుమాస్తా "ఇక్కడ వడ్డన నాలుగేళ్ళు నాయనా, విస్తరి మాత్రం మనమే" అన్నాడు. ఆయనకి కాగితం చూపించలేదులే, నీ మాట నాకు వేదం.

ఇంకో విశేషం. లాండ్రీలో తడిబట్టలు పైకి లాగే చిన్న లిఫ్టు ఒకటుంది. దాని తాడు చప్పుడు నాకు నచ్చలేదు. ఒక గుడ్డపేలిక తాడుకి చుట్టి మెల్లగా జరుపుకుంటూ వెళ్ళాను. తీగ తెగినచోట గుడ్డ చిక్కుకుంటుంది, అలాగే కదా మేం లెక్కపెట్టేది. ఎనిమిదిచోట్ల చిక్కుకుంది. వార్డెన్‌కి నోటితో చెప్పాను. ఆయన వెంటనే కరెంటు తీసేయించి తాళం వేశాడు. కాగితం లేదు, సంతకం లేదు. నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. ఖైదీ మాటకి అంత విలువ ఇచ్చాడు చూడు.

ఇప్పుడు సందేహం. తీర్పులో సెంటెన్స్ అనే మాట ఇరవై మూడుచోట్ల కనబడింది. అందులో ఆరు పద్నాలుగో పేరాలోనే ఉన్నాయి. నీ సస్పెండెడ్ కూడా అక్కడే ఉంది, పక్కన "నాట్" ఉంది. అంటే ఇవ్వనన్నది అక్కడేనన్నమాట. దాని ముందు 'ఎ'తో మొదలయ్యే పొడుగు మాట ఒకటుంది, అగ్ర అని ఏదో. దానికి కార్డు పంపు.

మేనకోడలికి చెప్పు, ఈ లిఫ్టు చాలా ఎత్తైనదని.

తమ్ముడు

జూలై 14

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ గుడ్డపేలిక కథ నాకెందుకు రాశావు? నోటితో చెప్పగానే ఆపేశారు, కాగితం లేదు, సంతకం లేదు అని అంత విడమరిచి రాయాలా? అంటే కాగితం రాసినదాన్ని నేను కాబట్టి నన్ను దెప్పుతున్నావా? మనసులో ఉన్నది సూటిగా అడుగు, చాటుమాటలు వద్దు. చిన్నప్పటి నుంచీ నీ హోంవర్కులు ఎవరు రాశారు? నీ ఉద్యోగం దరఖాస్తు ఎవరు రాశారు? పన్నెండేళ్ళుగా నీ రిపోర్టులన్నీ ఎవరు రాశారు? ఒక్కరోజైనా విసుక్కున్నానా?

పద్నాలుగో పేరాలో ఏమీ లేదు. సెక్షన్ల నంబర్లూ, పాత కేసుల గోలా. దాన్ని వదిలేసి ముందుకు వెళ్ళు. నీ అగ్ర మాట నీకు పనికొచ్చేది కాదు.

ఇవిగో కొత్తవి. లీనియంట్ సెంటెన్స్: దయతో తక్కువగా వేసిన శిక్ష. షో రిమోర్స్: చేసినదానికి పశ్చాత్తాపం చూపడం. మిటిగేటింగ్ ఫ్యాక్టర్స్: శిక్ష తగ్గించడానికి పనికొచ్చే కారణాలు. రెడ్యూస్ ఎ సెంటెన్స్: శిక్ష తగ్గించడం. ఇంకా తొమ్మిది ఉన్నాయి, కట్ట విప్పి చూసుకో.

బావకి ఆఫీసులో పెద్ద కుర్చీ ఇచ్చారు. మూడు ఊళ్ళ పని ఆయనే చూస్తారిక. సంతోషించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు.

అక్క

జూలై 24

అక్కా,

నేను దెప్పడమేమిటి? నీ ఉత్తరం చదివి బిత్తరపోయాను. పని బాగా చేశానని చెప్పుకోవడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? ఇంత చిన్నదానికి నువ్వు అంత నొచ్చుకున్నావంటే, ఆ రిపోర్టు పోయిన బాధ నిన్ను ఎంత తినేస్తోందో అర్థమైంది. అది పోయింది ఆఫీసులో. నీ తప్పు రవ్వంత లేదు. బావనీ నేనేమీ అనను. వేల కాగితాల మధ్య ఒకటి పోతే ఆయనేం చేస్తాడు?

అయితే నాకొక ఆలోచన వచ్చింది. రిపోర్టు పోతే పోయింది, రాసిన చెయ్యి ఉంది కదా? తాడు మార్చాలని, లిఫ్టు ఆపాలని తమ్ముడు చెప్పాడు, నేనే నా చేత్తో రాశాను అని నువ్వు ఒక్క కాగితం మీద రాసిస్తే చాలు. గుమాస్తా చెప్పడం, నేరం ఒప్పుకున్నా శిక్ష ఎక్కువైందని అప్పీలు చేసుకోవచ్చట. తీర్పు వచ్చిన తొంభై రోజుల్లోగా. మే ఇరవైన తీర్పు. అంటే ఆగస్టు పద్దెనిమిది దాకా. ఇక్కడికి వారానికోసారి ఉచితంగా వాదించే లాయరమ్మ వస్తుంది, ఆవిడకిస్తాను. మీ లాయరు పొరబడి ఉంటాడు, మళ్ళీ అడుగు.

నాలుగేళ్ళు పోతే నా చేతిలో పని పోతుంది అక్కా. శిక్ష పడ్డ మెకానిక్‌ని తాడు ముట్టుకోనివ్వరు. ఆ ఆవిడ చావుకి నేను కారణం కాదని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. అంతే నాకు కావలసింది.

నువ్వు రాస్తావని తెలుసు. తేదీ మాత్రం మరిచిపోకు.

తమ్ముడు

ఆగస్టు 5

తమ్ముడూ,

పరీక్షల హడావుడిలో ఉన్నాను, పొడుగ్గా రాయలేను. బావ లాయరుని మళ్ళీ అడిగారు. అప్పీలు లేదు గాక లేదు. పెడితే ఉన్న శిక్ష పెరిగే ప్రమాదం కూడా ఉందట. ఆ గుమాస్తా మాటలు నమ్మి గోతిలో పడకు. వచ్చే నెల నేనే వస్తాను, అప్పుడు కూర్చుని అన్నీ మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

రెండు కార్డులు పెట్టాను.

అక్క

ఆగస్టు 10

అక్కా,

ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దని రాశావు. ఆ మాట నువ్వు నాకు ఎప్పుడో చెప్పి ఉండాల్సింది.

పద్నాలుగో పేరా చదివాను. గుమాస్తాకి కాగితం చూపించలేదు, నీకిచ్చిన మాట తప్పలేదు. మిటిగేటింగ్‌కి ఎదురు మాట ఏమిటని మాత్రం అడిగాను. అగ్రవేటింగ్ అన్నాడు. శిక్ష పెంచే కారణం. కార్డుకి అవతలి వైపు లాంటిది కదా, నువ్వెందుకు దాచావా అనుకుంటూ ఆ పేరా పట్టుకుని కూర్చున్నాను. నీ కార్డులు ఒక్కొక్కటీ పక్కన పెట్టుకుంటూ వెళితే కోర్టు మాటలన్నీ తేలిపోయాయి. మిగిలిన మాటలకి కార్డులు అక్కర్లేకపోయింది. అవి నాకు పందొమ్మిదేళ్ళ నుంచీ వచ్చు.

రోప్. గుడ్ కండిషన్. ఫిట్ ఫర్ యూజ్.

పక్కన నేను తనిఖీ చేసిన తేదీ. నా సంతకం ఉందన్న మాట. ఇలాంటి తప్పుడు రిపోర్టు ఇవ్వడం అగ్రవేటింగ్ ఫ్యాక్టర్ కాబట్టి సస్పెండెడ్ సెంటెన్స్ ఇవ్వడం కుదరదని జడ్జి రాశాడు. రిపోర్టు పోలేదు అక్కా. కోర్టులోనే ఉంది. ఆ రోజు స్టేషన్లో ఒక కట్ట ముందు పడేసి ఈ సంతకాలు నీవేనా అని అడిగితే అన్నిటికీ అవునన్నాను. నువ్వు రాసినవి కదా అని ఒక్కటీ తిప్పి చూడలేదు.

సిస్టర్, రైటింగ్ అన్న మాటలు కనబడి చివరి వరుస నాలుగుసార్లు చదివాను. రిపోర్టు ముద్దాయి చేతిరాతేనని అతని అక్క చెప్పింది అని ఉంది. నేను ఇంగ్లీషులో నా పేరు తప్ప ఏమీ రాయలేనని మన ఇంట్లో పిల్లకి కూడా తెలుసు.

నాకు చదువు రాదు. నేను తప్పు చదివానని రాయి. ఒక్క ముక్క రాస్తే చాలు, నమ్ముతాను. పదిహేనో తేదీ దాకా చూస్తాను.

తమ్ముడు

ఆగస్టు 20

తమ్ముడూ,

నువ్వు తప్పు చదవలేదు.

ఆ రోజు నేను తాడు సంగతి రాయకముందే నువ్వు చెయ్యి కడుక్కోవడానికి లేచావు. బావ నా పక్కకి వచ్చి, లిఫ్టు ఆపమని రాస్తే గోడౌనువాళ్ళు కంపెనీనే మార్చేస్తారు, కొత్త తాడు రెండు రోజుల్లో వస్తుంది, ఈలోగా ఏమీ కాదు, బాగానే ఉందని రాసెయ్ అన్నారు. నేను కాదన్నాను. ఆయన మళ్ళీ అడిగారు. రాశాను. నీకు చెబితే సంతకం పెట్టవని చెప్పలేదు. రెండు రోజులే కదా అనుకున్నాను. తాడు వచ్చింది తమ్ముడూ. ఆమె చనిపోయిన మర్నాడు వచ్చింది. ఇంకా కట్ట విప్పకుండా గేటు దగ్గరే ఉంది.

పోలీసులు వచ్చి ఈ చేతిరాత ఎవరిదని అడిగినప్పుడు బావ నా వైపు చూశారు. నోట్లోంచి అబద్ధం వచ్చేసింది. లాయరు నీకు శిక్ష పడదన్నాడని నేను నిజంగానే నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉండి నమ్మాను.

పదిహేను లోగా రాయమన్నావు. రాసి, మూడు రోజులు బ్యాగులో పెట్టుకుని తిరిగి, చింపేశాను. పద్దెనిమిది దాటాక గానీ చెయ్యి కదల్లేదు. ఇది కూడా నీకు తెలియాలి.

ఇప్పుడు నేను నిజం చెబితే ఆయనా నేనూ ఇద్దరం లోపలికి వెళ్ళాలి. పిల్లకి తొమ్మిదేళ్ళు. నీకు ఎలాగూ కొంత గడిచిపోయింది, మంచి నడవడికి తగ్గింపు కూడా ఉంటుంది. బయటికి వచ్చాక నీ బతుకు నేను నిలబెడతాను, నా ఒంట్లో ఓపిక ఉన్నంతవరకు. నేను పంపిన కార్డులు చింపెయ్. చేత్తో ఎందుకు రాశావని బావ ఇంట్లో గిన్నెలు విసిరారు. ఈ ఉత్తరం కూడా చింపెయ్.

నన్ను తిట్టు. తిట్టి అయినా రాయి.

అక్క

ఆగస్టు 29

అక్కా,

తిట్టమన్నావు. చాలా తిట్లు వచ్చాయి, రాద్దామని కూర్చుంటే ఒక్కటీ నీకు సరిపోలేదు. కంచే చేను మేసిందనుకున్నాను, తడిగుడ్డతో గొంతు కోశావనుకున్నాను. ఇవన్నీ పగవాళ్ళనీ పరాయివాళ్ళనీ అనే మాటలు. నువ్వు నా నోరు, నా చెయ్యి. నేను చెప్పింది నువ్వు రాస్తే అది నేను రాసినట్టే అని పన్నెండేళ్ళు బతికాను. తాడుని గుడ్డ చుట్టి అంగుళం అంగుళం తడిమినవాణ్ణి, కళ్ళ ముందు పెట్టిన కాగితాన్ని ఒక్కసారి చూడలేదు. చూసి ఉంటే గుడ్ కండిషన్ అన్న రెండు మాటలు నాకే కనబడేవి. ఆ ఆవిడ బతికి ఉండేది. అది నా తప్పు, దాన్ని ఎవరి మీదా వేయను.

పదిహేను దాకా చూశాను. పదహారున లాయరమ్మ వచ్చింది. అప్పీలు అదే రోజు పడింది, రెండు రోజుల గడువు ఉండగానే. నీకు తేదీ మరీ మరీ గుర్తు చేశాను కదా, నాకూ గుర్తుంటుంది.

ముద్దాయికి ఇంగ్లీషు రాయడం రాదని ఎలా నిరూపిస్తావని ఆవిడ అడిగింది. మా అక్క నేర్పుతోంది, ఇప్పుడిప్పుడే వస్తోంది అని నీ కార్డుల కట్ట బల్ల మీద పెట్టాను. పాఠం ఎలా సాగుతోందో చూపిద్దామనే పెట్టాను. ఆవిడ తీర్పు ఫైలులోంచి రిపోర్టు నకలు తీసి కార్డు పక్కన పెట్టింది. రెండింటి మీదా ఒకే చేతిరాత. తర్వాత కార్డులు లెక్కపెట్టింది. ఇరవై. ప్రతిదాని మీదా తేదీ, జైలు ముద్ర. నేను అప్పటిదాకా వాటిని నా చదువనుకున్నాను.

నీ ఇరవయ్యో తేదీ ఉత్తరం మీద కూడా ముద్ర పడింది. ఇక్కడ చదవకుండా ఇవ్వరని మొదటి ఉత్తరంలోనే రాశాను. మరిచిపోయి రాశావో, కావాలనే రాశావో తెలియదు. అడగను. ఏ జవాబు చెప్పినా నమ్మలేను, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

పిల్ల గురించి రాశావు. లాయరమ్మతో చెప్పాను, మీ ఇద్దరికీ ఏమైనా అయితే నేను బయటికి వచ్చాక నా దగ్గర ఉంటుందని. మామయ్య లిఫ్టు పని దాదాపు అయిపోయిందని చెప్పు. ఈసారి అబద్ధం కాదు.

దీంతో పాటు ఒక కట్ట పంపుతున్నాను. అసలు కార్డులు కోర్టుకి వెళ్ళాయి కాబట్టి వాటన్నిటినీ నా చేత్తో రాశాను, ముందు ఇంగ్లీషు, వెనక తెలుగు. ఎనిమిది రోజులు పట్టింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఎర్రసిరా పెట్టకు. నువ్వు పంపనిది ఒకటి చివర చేర్చాను, అగ్రవేటింగ్ ఫ్యాక్టర్. బావకి కూడా చూపించు. ఒక్కొక్కటీ ఇరవైసార్లు చూడండి, చూడకుండా పైకి అనుకోండి. కోర్టులో మీ గురించి ఏమంటున్నారో పరాయివాళ్ళని అడగాల్సిన పని లేకుండా మీకే అర్థమవుతుంది.

తమ్ముడు